గదికి చికిత్స

1895లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫాగ్ కళామందిరమును తెరచిరి. అందలి ఉపన్యాసశాల చూడ ముచ్చటగా నున్నను, ఉపాధ్యాయుని మాట విద్యార్థులకు బోధపడకుండెను. పలికిన మాట సుమారు అయిదున్నర సెకండ్లు మారుమ్రోగుచు, వెనుక వచ్చు మాటలను మింగివేయుచుండెను.

దీనిని సరిచేయు భారము యువ భౌతికశాస్త్రోపాధ్యాయుడు వాలెస్ సేబిన్‌పై పడెను. ఆయన రాత్రుల నిశ్శబ్దములో ఆర్గన్ గొట్టమును మ్రోగించి ఆపి, ధ్వని అణగిపోవుటకు పట్టు కాలమును కొలిచెను. సమీప నాటకశాలనుండి మెత్తలు తెచ్చి పరచినకొద్దీ ఆ కాలము తగ్గెను. గది ఘనపరిమాణము పెరిగినచో ప్రతినాదకాలము పెరుగును. ధ్వనిని పీల్చు శక్తి పెరిగినచో తగ్గును. ఈ సూత్రమును ఆయన 1898లో కనుగొనెను. 1900లో ప్రారంభమైన బోస్టన్ సింఫనీ హాలు రూపకల్పనకు ఇదియే తోడ్పడెను.

నేడు ధ్వనిముద్రణశాలలలో ఈ చికిత్సను కొంతవరకు యంత్రము చేయుచున్నది. వినువాడు కూర్చుండు చోట మైకును నిలిపి, స్పీకర్లనుండి మంద్రము మొదలు తారము వరకు పరీక్షాధ్వనులను పంపుదురు. గది ఏ స్వరములను పెంచుచున్నదో తెలిసిన పిదప, కంప్యూటరునకును స్పీకర్లకును నడుమ అమర్చిన పరికరము వానిని ముందే తగ్గించి పంపును. కాని గోడల మారుమ్రోతను అది పీల్చజాలదు. దానికి నేటికిని సేబిన్ మెత్తలవంటివే శరణ్యము.

విద్యార్థులారా! ఖాళీ తరగతిగదిలో ఒకసారి, నిండిన గదిలో ఒకసారి చప్పట్లు కొట్టి వినుడు. తేడాను మీ చెవులే చెప్పును.