ఆ పదిహేనుమంది

మా తాత సర్వేలో చైన్‌మన్. ఆయన గొలుసు మోసుకుని అడవులకు పోయిన కాలాన్ని నాయనమ్మ పండగలతో లెక్కపెడుతుంది. బతుకమ్మకు పోయిండు, సంక్రాంతికి చలిజ్వరంతో వచ్చిండు, అట్లా. మెదక్‌లో ఆమె ఇంటి అరుగు మీద కూర్చుని జార్జ్ ఎవరెస్ట్ అడవి ప్రయాణం గురించి చదువుతుంటే ఆ మాటలే గుర్తొచ్చాయి.

ఈ కథకు మా జిల్లాతో చుట్టరికముంది. 1815లో లాంబ్టన్ బీదర్ ప్రాంతంలో ఆధారరేఖ కొలిపించాడు. దాని దగ్గరి పరిశీలనా స్థానం దామరగిద్ద నారాయణఖేడ్ వైపు ఊరు. 2016 దాకా మెదక్ జిల్లాలోదే. నేల మీద ఒక్క గీతను గొలుసుతో కొలుస్తారు. ఆపైన గుట్టల మీది జెండాలను చూసి కోణాలు కడుతూ వందల మైళ్లు లెక్కవేస్తారు.

1819లో లాంబ్టన్ తన కొత్త సహాయకుడు ఎవరెస్ట్‌ను కృష్ణా గోదావరుల మధ్య ప్రాంతానికి పంపాడు. అతనికప్పుడు ముప్పై నిండలేదు. వాన దుమ్మును కడిగేస్తే దూరపు గుట్టలు స్పష్టంగా కనిపిస్తాయని వానాకాలమే ఎంచుకున్నారు. దొరలకది తెలియని అడవి, కోయలకు ఇల్లు. నిజాం ఇచ్చిన కాపలావాళ్లు ఎదురుతిరిగితే ఎవరెస్ట్ కొరడాతో లొంగదీశాడు. చరిత్రకారులు దీన్ని అతని పట్టుదల కింద రాస్తారు. నాకు మాత్రం ఆ వానలో ముందుకు పోనన్నవాళ్లే తెలివిగలవాళ్లనిపించింది.

యెల్లాపురం అడవిలో జ్వరం పట్టుకుంది. ఎవరెస్ట్‌కు, డాక్టర్ వోయిసీకి, దాదాపు నూటయాభైమంది సిబ్బందికి. దోమ గుట్టు 1897లో సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ బయటపెట్టేదాకా అడవి గాలినే తప్పుపట్టేవారు. హైదరాబాద్ నుంచి ఏనుగులు, పల్లకీలు, బళ్లు పంపి అందరినీ తరలించారు. పదిహేనుమంది చనిపోయారు. ఎవరెస్ట్ 1820లో ఆరోగ్యం కోసం కేప్‌కు వెళ్లాడు. 1865లో ఒక శిఖరానికి అతని పేరు పెట్టారు.

ఆ పదిహేనుమంది పేర్లు నేను చదివిన ఏ కథనంలోనూ లేవు.

నాయనమ్మకు ఇదంతా చెప్పాను. ఆమెకు శిఖరం సంగతి పట్టలేదు. తాత వణుకుతుంటే ఇంట్లోని గొంగళ్లన్నీ కప్పి, పైన తాను పడుకుని అదిమి పట్టుకున్న రాత్రుల గురించి చెప్పింది. ఆ నెల జీతం కోసేశారట.

"గా పదిహేనుమంది ఇండ్లకు ఎవరు పోయి చెప్పిన్రు బిడ్డా?" అంది. కాసేపటికి మళ్లీ తనే, "చెప్పెటోళ్లు గూడ జరంల పడ్డరేమో" అంటూ లోపలికి వెళ్లింది.