బందరు అదాలత్‌లో ముఫ్తీ, బెజవాడలో మా భాంజీ



పోయిన నెల పంజా సెంటర్ దగ్గర మా ఆపా ఇంట్లో చిన్న పంచాయితీ అయింది. భాంజీ ఇంటర్ పాసైంది, లాసెట్ రాస్తానంటోంది. ఆపాకి ససేమిరా ఇష్టం లేదు. "షరీఫ్ ఘరానా పిల్ల కోర్టు మెట్లు ఎక్కడమేంటి? ఫార్మసీ చదవమని నువ్వైనా చెప్పు భాయ్" అంది నాతో. మా అమ్మీ పక్కన కూర్చుని తస్బీహ్ తిప్పుకుంటోంది.

భాంజీ పేపరు తెచ్చి నా ముందు పెట్టింది. "మామూ, ఇక్కడ 'ముద్దాయికి జైలు' అని రాశారు. నానీ ఏమో ముద్దయీ అంటే కేసు పెట్టినవాడు అంటోంది. ఎవరి మాట నిజం?"

ఇద్దరిదీ నిజమే. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు. ఎదుటివాడు ముద్దాఅలైహ్. అదే లఫ్జు తెలుగులోకి వచ్చేసరికి వెళ్లి బోనులో నిలబడింది. ఫిర్యాదు, దర్యాప్తు, జామీను, జప్తు, దాఖలు, హాజరు, వకాల్తా, రాజీ, ఖైదీ - కోర్టులో మన తెలుగువాళ్ల నోట వచ్చే మాటల్లో సగం మన ఇళ్లల్లో మాట్లాడుకునేవే. 'వాదా' అంటే మాట ఇవ్వడం. కోర్టులో అది 'వాయిదా' అయింది! మునసబు అనే మాట ఇన్సాఫ్ అనే మాట ఒకే వేరు నుంచి పుట్టాయి. ఊళ్లలో మునసబు కొలువు 1984 దాకా ఉండేది.

ఈ మాటలన్నీ మనకి ఎక్కడివి? మన ఇళ్లల్లో చాలామందికి తెలియని తారీఖ్ అది. ఆ రోజు ఆపాకి, భాంజీకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

కుతుబ్‌షాహీల కాలంలో బందరు గోల్కొండ సల్తనత్‌కి పెద్ద రేవు. కచేరీ భాషలో ఫార్సీ మాటలు అప్పటి నుంచే ఉన్నాయి. తర్వాత ఉత్తర సర్కారులు కంపెనీ చేతికి వెళ్లాయి. 1802లో కంపెనీ మద్రాసు ప్రెసిడెన్సీలో బెంగాల్ పద్ధతిలో జిల్లా అదాలత్‌లు పెట్టింది. బందరులో జిల్లా కోర్టుతో పాటు ఉత్తర విభాగపు ప్రొవిన్షియల్ కోర్టు కూడా కూర్చునేది. దాని జడ్జీలే జిల్లాలు తిరుగుతూ ఖూనీ, డకాయిటీ లాంటి పెద్ద కేసులు విచారించేవాళ్లు.

జడ్జి ఇంగ్లీషువాడు, కానూను మాత్రం అతనిది కాదు. ఫౌజ్‌దారీ కేసుల్లో మూలం ఇస్లామీ ఫిఖ్. అందుకే కోర్టులో ఒక ఖాజీ గానీ ముఫ్తీ గానీ సర్కారీ జీతం మీద ఉండేవాడు. సాక్ష్యం అంతా విన్నాక, నేరం రుజువైందా, దానికి సజా ఏమిటి అని ఫత్వా రాసి ఇచ్చేవాడు. ఆ తర్వాతే జడ్జి తీర్పు. మరణశిక్ష అయితే మద్రాసులోని ఫౌజ్‌దారీ అదాలత్ మంజూరు కావాలి. ఆస్తి తగాదాల్లో హిందువుల ధర్మశాస్త్రం చెప్పడానికి పండితుడు ఉండేవాడు. ఇలాంటి ఆలిములను తయారు చేయడానికే వారన్ హేస్టింగ్స్ 1780లో కలకత్తా మదరసా పెట్టాడు. 1812లో మొదలైన మద్రాసు సెయింట్ జార్జ్ కోట కాలేజీలో కూడా కానూను చదివే హిందూ, ముస్లిం విద్యార్థులు ఉండేవాళ్లు. అంటే ఆ రోజుల్లో 'లా స్టూడెంట్' అంటే అరబీ, ఫార్సీ కితాబులు ముందేసుకున్న కుర్రాడు కూడా.

అది మన సునహరా దౌర్ అని నేను అనడం లేదు. పాత కానూనును కంపెనీ ఎప్పటికప్పుడు తన రెగ్యులేషన్లతో మార్చేసింది. అవయవాలు నరికే శిక్షల బదులు ఖైదు తెచ్చింది. ఖూనీ చేసినవాణ్ని చనిపోయినవాడి వారసులు మాఫ్ చేసే హక్కు తీసేసింది. పోలీసు సంగతి ఇంకా ఘోరం. 1816 రెగ్యులేషన్లతో పోలీసు పని గ్రామ పెద్దలకి, తాసీల్దార్లకి పోయింది. శిస్తు వసూలు చేసేవాడూ దొంగని పట్టేవాడూ ఒకడే అయ్యాడు. శిస్తు కోసం, నేరం ఒప్పించడం కోసం రైతుల్ని చిత్రహింసలు పెడుతున్నారని 1855లో మద్రాసు ప్రెసిడెన్సీ టార్చర్ కమిషనే రిపోర్టు ఇచ్చింది. దాని తర్వాతే 1859లో మద్రాసు పోలీసు చట్టం వచ్చి, శిస్తు పని నుంచి పోలీసు విడిపోయింది. పోలీసు ముందు ఇచ్చిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదు అనే నియమం 1861 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో చేరింది. ఈ రోజుకీ అది మన కానూనులో ఉంది.

ఇక్కడే మన కథ మలుపు తిరిగింది. 1862 జనవరి 1న ఇండియన్ పీనల్ కోడ్ అమల్లోకి వచ్చింది. ఫత్వా అవసరం పోయింది. 1864లో 11వ నంబరు చట్టం కోర్టుల్లో ముఫ్తీల, పండితుల కొలువులు ఎత్తేసింది. ఖాజీలను సర్కారు నియమించడం కూడా ఆపేసింది. అప్పుడు నికాహ్‌లు జరిపించేదెవరనే ఇబ్బంది వచ్చి, 1880లో ఖాజీల చట్టం చేశారు. మొదట దాన్ని మన మద్రాసు ప్రెసిడెన్సీకే వర్తింపజేశారు. ఖాజీ తిరిగొచ్చాడు. అయితే ఈ నియామకం వల్ల ఖాజీకి తీర్పు చెప్పే అధికారం ఏమీ రాదని ఆ చట్టంలోనే రాసి పెట్టారు. అదాలత్‌లో కూర్చున్న మనిషి చేతిలో నికాహ్ రిజిస్టరు మిగిలింది.

తర్వాత కానూను చదవాలంటే ఇంగ్లీషు రావాలి, మద్రాసు వెళ్లాలి. ఆ దారిన వెళ్లినవాళ్లు మనలో లేకపోలేదు. ఉత్తరాదిన సర్ సయ్యద్ కొడుకు సయ్యద్ మహమూద్ 1887లో అలహాబాద్ హైకోర్టు జడ్జి అయ్యారు. కానీ మామూలు ఖాందాన్లకి అంత స్తోమత ఎక్కడిది? కచేరీ మాటలు తెలుగువాళ్ల నోట మిగిలాయి. కచేరీ ఇల్మ్ మన ఇళ్ల నుంచి వెళ్లిపోయింది. దాని జాగాలో భయం వచ్చి కూర్చుంది. పోలీస్ స్టేషన్ వైపు వెళ్లకపోవడమే షరాఫత్ అనుకున్నాం. మా ఆపా మాటలో ఉన్నది ఆ భయమే.

ఇంతా విని ఆపా అడిగింది: "అదంతా సరే, ఇప్పుడు ఇది చదివి ఏం చేస్తుంది?"

నేను రెండు సంగతులు చెప్పాను. ఒకటి, 2007 నుంచి మన పిల్లలకి బీసీ-ఈ కింద వస్తున్న 4 శాతం రిజర్వేషన్. హైకోర్టు కొట్టేస్తే, 2010లో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది నిలబడింది. కోర్టులో వాదించినవాళ్లు ఉన్నారు కాబట్టే ఇవాళ మన పిల్లలు ఆ సీట్లలో కూర్చుంటున్నారు. రెండోది, ఫాతిమా బీవీ. కేరళలో పత్తనంతిట్ట పిల్ల. లా చదవమని పట్టుబట్టింది వాళ్ల అబ్బాయే! 1950లో వకీలు అయింది, 1989లో సుప్రీంకోర్టు మొదటి మహిళా జడ్జి అయింది. ఆ అబ్బా కూడా కోర్టు మెట్లకి భయపడి ఉంటే?

వక్త్ కూడా అనుకూలంగా ఉంది. ఇంటర్ మీద ఐదేళ్ల కోర్సు, డిగ్రీ మీద మూడేళ్ల కోర్సు. మద్రాసు పోనక్కర్లేదు, బెజవాడలో, నాగార్జున యూనివర్సిటీలో చదవొచ్చు. హైకోర్టు 2019 నుంచి మన పక్కనే అమరావతిలో ఉంది. పీనల్ కోడ్ స్థానంలో 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత వచ్చింది. సెక్షన్ నంబర్లన్నీ మారాయి. పేరున్న వకీలు కూడా పుస్తకం మళ్లీ తెరవాల్సిందే. 1862లో అలాంటి మార్పు వచ్చినప్పుడు మనం బయట ఉండిపోయాం.

ఆపా వెంటనే హా అనలేదు. "వాళ్ల అబ్బాతో మాట్లాడతా" అంది. అమ్మీ తస్బీహ్ పక్కన పెట్టి, మనవరాలి తల మీద చెయ్యి వేసి అడిగింది: "ముందు ఇది చెప్పు బేటీ. నువ్వు వకీలు అయితే, మన వీధిలో పైసలు లేనివాళ్ల కేసు పడతావా?"

"పడతా నానీ. ఆడవాళ్లకి, జైల్లో ఉన్నవాళ్లకి సర్కారే ఉచితంగా వకీల్ని ఇవ్వాలని 1987 చట్టంలో ఉంది. ఆ వకీలు నేనే అవుతా."

దరఖాస్తు ఫారం నింపేశాం. మీ ఇంట్లో కూడా ఇలా అడిగే పిల్ల ఉంటే, కాదనే ముందు ఒకసారి కూర్చోబెట్టుకుని మాట్లాడండి.

ఖుదా హాఫిజ్.