వజ్రంలోని లోపంతో క్వాంటం నెట్‌వర్క్
కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ 200 కిలోమీటర్లకు పైమాటే. అంత పొడవు ఫైబర్ కేబుల్‌లోకి పదివేల ఫోటాన్లు పంపితే అవతలికి చేరేది ఒకటే అనుకోవాలి. మామూలు ఇంటర్నెట్‌కైతే మధ్యలో సిగ్నల్ పెంచేస్తారు. క్వాంటం సమాచారాన్ని అలా కాపీ చేయడం కుదరదు. దొంగచాటుగా వినేవాడు దొరికిపోయేదీ ఇందుకే.

కాబట్టి కబురును కాసేపు పట్టి ఉంచే మజిలీలు కావాలి. ఆ పనికి వజ్రంలోని లోపమే అక్కరకొస్తోంది. కార్బన్ పరమాణువు స్థానంలో నైట్రోజన్ చేరి, పక్క చోటు ఖాళీగా ఉంటే అది ఎన్‌వీ సెంటర్. అక్కడి ఎలక్ట్రాన్ స్పిన్ మెమరీలా పనిచేస్తుంది. (నైట్రోజన్ దాదాపు లేని వజ్రాలకే మన గోల్కొండ పేరు!) చిక్కేమిటంటే, అది వదిలే 637 నానోమీటర్ల ఎర్రకాంతి ఫైబర్‌లో కిలోమీటరు దాటకముందే సగం పోతుంది. అందుకే టెలికాం కాంతిగా మార్చి పంపుతారు.

2015లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో 1.3 కి.మీ. ఎడంగా ఉన్న రెండు వజ్రాలను ఎంటాంగిల్ చేశారు. 2024లో హార్వర్డ్ బృందం సిలికాన్ లోపాలతో, బోస్టన్ ప్రాంతంలో 35 కి.మీ. ఫైబర్ మీదుగా సాధించింది. దాదాపు కరీంనగర్-పెద్దపల్లి దూరం. కాకపోతే రెండు వజ్రాలూ ఒకే భవనంలో ఉన్నాయి, కేబులే ఊరు చుట్టి వచ్చింది.

మన దేశంలో 2023లో ఆమోదించిన రూ.6,003.65 కోట్ల జాతీయ క్వాంటం మిషన్ లక్ష్యాల్లో 2,000 కి.మీ. మేర నగరాల మధ్య క్వాంటం కీ పంపిణీ, మెమరీలున్న నెట్‌వర్క్ కూడా ఉన్నాయి.