డిపో గేటు దగ్గర ఊదుడు పరీక్ష

తెల్లవారుజామున నంద్యాల డిపోలోనో ఆళ్లగడ్డ డిపోలోనో డ్యూటీ ఎక్కబోయే డ్రైవరు చిన్న యంత్రానికి అమర్చిన గొట్టంలోకి ఊదుతాడు. తెర మీద ఒక అంకె పడుతుంది. సున్నా అయితే బస్సు తీస్తాడు, కాకపోతే బస్సు ఇంకొకరికి పోతుంది. తాను తాగలేదని అతను అంటే ఆ అంకెకు పూచీ ఎవరిదన్న ప్రశ్న వెనుక అరవై ఏళ్ల చరిత్ర ఉంది.

ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ (ఆర్టీసీ) 1958 జనవరి 11న ఏర్పడింది. అప్పటికి ఈ రెండు ఊళ్లూ ఉన్న కర్నూలు జిల్లాలో ప్రైవేటు బస్సులదే రాజ్యం. అక్కడి రూట్లను జాతీయం చేయబోతే యజమానులు సుప్రీంకోర్టు దాకా వెళ్లి గెలిచారు. తీర్పులోని వ్యాఖ్యల కారణంగా ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి 1964లో రాజీనామా చేశారు. బస్సులు క్రమంగా సంస్థ చేతికి వచ్చాక డ్రైవరు కొలువుకు రాతపూర్వక నియమాలు వచ్చాయి. 1963 ప్రవర్తనా నిబంధనలు, 1967 క్రమశిక్షణ నిబంధనల ప్రకారం చార్జిషీటు, సంజాయిషీ, విచారణ లేకుండా ఉద్యోగం తీసేయడం కుదరదు. 1965లో పారిశ్రామిక వివాదాల చట్టానికి చేర్చిన 2-ఎ సెక్షను మరో మేలు చేసింది. యూనియన్ అండ లేకున్నా, ఒక్క కార్మికుడి తొలగింపు కూడా వివాదంగా నిలిచింది.

యంత్రం రాకముందు సాక్ష్యమంటే వాసన, తూలుడు, మాట తడబాటు. 1971లో బొంబాయి డ్రైవరు బచుభాయి కేసులో సుప్రీంకోర్టు ఈ లక్షణాలు చాలవంది. డాక్టరు వాటిని నమోదు చేసినా రక్తపరీక్షగానీ మూత్రపరీక్షగానీ చేయించలేదు కాబట్టి మద్యం తాగినట్టు రుజువు కాలేదని తేల్చింది. తరువాతి తగాదాల్లో డ్రైవర్లకు ఈ తీర్పే దన్ను.

శ్వాసతో మద్యాన్ని కొలిచే బ్రెతలైజర్‌ను 1954లో అమెరికాలో రాబర్ట్ బోర్కెన్‌స్టైన్ తయారుచేశాడు. ఊపిరిలోని మద్యాన్ని 2,100తో హెచ్చించి రక్తంలో ఎంత ఉందో అంచనా కట్టడం దాని పద్ధతి. ఇది అంచనాయేగానీ రక్తాన్ని కొలవడం కాదు. మద్యం కలిసిన దగ్గుమందో హోమియో చుక్కలో తాగిన కొద్ది నిమిషాలకే ఊదితే నోట్లో మిగిలిన మద్యం అంకెను పెంచేస్తుంది. అందుకే పావుగంట ఆగి మళ్లీ ఊదించాలి. 1988 మోటారు వాహనాల చట్టం 1994 సవరణతో 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములను హద్దుగా పెట్టింది. 203వ సెక్షను ఊదుడు పరీక్షకు, 204వ సెక్షను రక్తపరీక్షకు దారి చూపాయి. ఈ రెండో మెట్టు పోలీసు కేసుకే రాసి ఉంది. డిపో విచారణలో దాన్ని ఎక్కకపోవడమే చాలా తగాదాలకు మూలం.

సంస్థ భయం కూడా నిజమే. నంద్యాల నుంచి గిద్దలూరు పోయే దారి నల్లమల ఘాటు మలుపుల్లోంచి సాగుతుంది. తాగిన డ్రైవరు చేతికి బస్సు ఇచ్చి ప్రమాదం జరిగితే నష్టపరిహారం సంస్థే కట్టాలి. కాబట్టి అనుమానం వచ్చిన రోజు డ్యూటీ ఆపడం సబబే. ఉద్యోగమే తీసేయాలంటే మాత్రం రుజువు చేసే భారం యాజమాన్యం మీదే ఉంటుంది.

రాయలసీమ డ్రైవర్లకు ఆ రుజువును పరీక్షించిన చోటు అనంతపురం లేబర్ కోర్టు. పారిశ్రామిక వివాదాల చట్టంలోకి 1971లో వచ్చిన 11-ఎ సెక్షను సాక్ష్యాన్ని తిరిగి తూచే అధికారం, శిక్ష తగ్గించే అధికారం కోర్టుకు ఇచ్చింది. అదే చట్టానికి 1987లో చేసిన రాష్ట్ర సవరణతో కార్మికుడు నేరుగా అక్కడికి వెళ్లగలిగాడు. తొలగింపు అక్రమమని తేలితే పాత జీతంతో సహా కొలువు తిరిగి ఇవ్వడమే సాధారణ సూత్రమని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. అంటే తప్పుడు అంకె ఖరీదు చివరికి సంస్థ ఖజానా నుంచే పోతుంది.

2020 జనవరి 1న ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ సిబ్బంది ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. అయినా అంకెకు పూచీ ఎవరిదన్న ప్రశ్న మిగిలే ఉంది. పొరుగున తెలంగాణ హైకోర్టు 2025లో ఒక ఆర్టీసీ డ్రైవరు తొలగింపును కొట్టేస్తూ బచుభాయి తీర్పునే ఆధారం చేసుకుంది. రక్తపరీక్ష లేకుండా ఊదుడు యంత్రం అంకె ఒక్కదాన్నే పట్టుకుని ఉద్యోగం తీసేయడం చెల్లదని చెప్పింది.