కింది లీగ్‌కి పడిపోతే కథ అయిపోయినట్టేనా? ఐస్‌లాండ్ రెండో లీగ్ చరిత్ర

ఐపీఎల్‌లో ఆఖరి స్థానంలో నిలిచిన టీమ్ కూడా మళ్లీ ఏడాది అదే ఐపీఎల్‌లో ఆడుతుంది. యూరప్ ఫుట్‌బాల్‌లో అలా కుదరదు. అట్టడుగున ఉంటే కింది లీగ్‌కి పంపించేస్తారు. దీన్నే రెలిగేషన్ అంటారు. నాలుగు లక్షల లోపు జనాభా ఉన్న ఐస్‌లాండ్‌లో ఈ కింది లీగ్ ఏం చేసిందో ఈరోజు చూద్దాం.

ఐస్‌లాండ్‌లో ఫుట్‌బాల్ ఛాంపియన్‌షిప్ 1912లో మొదలైంది. అప్పుడు ఆడింది మూడంటే మూడే టీమ్‌లు. గెలిచింది రాజధాని రేక్యావిక్‌కి చెందిన కేఆర్ క్లబ్. ఆ తర్వాత దాదాపు నలభై ఏళ్లు టైటిల్ రాజధాని దాటి బయటికి పోలేదు. 1951లో అక్రానెస్ అనే చిన్న రేవు పట్టణం ఆ గోడ బద్దలుకొట్టింది.

1955లో రెండో లీగ్ వచ్చింది. అంటే పైకి ఎక్కడానికి ఒక మెట్టు, కిందికి జారడానికి ఒక గొయ్యి, రెండూ ఒకేసారి వచ్చాయన్నమాట. ఆ గొయ్యి పెద్దా చిన్నా చూడలేదు. మొట్టమొదటి ఛాంపియన్ కేఆర్ కూడా 1977లో అందులో పడింది. మరుసటి ఏడాదే రెండో లీగ్ గెలిచి పైకొచ్చింది.

అసలు కథ మాత్రం అక్రానెస్‌ది. 1990లో ఆ టీమ్ రెండో లీగ్‌కి పడిపోయింది. 1991లో అక్కడ గెలిచింది. 1992లో ఏకంగా దేశ ఛాంపియన్! అక్కడితో ఆగిందా? 1996 దాకా వరుసగా ఐదు టైటిళ్లు కొట్టింది. మధ్యలో 1993లో, యూరప్ పోటీలో, డచ్ ఛాంపియన్ ఫెయనూర్డ్‌ని సొంతగడ్డ మీద 1-0తో ఓడించింది. రెండో మ్యాచ్‌లో ఓడి బయటికొచ్చేసిందనుకోండి, అది వేరే విషయం.

ఇప్పుడు ఈ మధ్య కథకి వద్దాం. 2023లో రూల్ మారింది. అంతకుముందు మొదటి రెండు టీమ్‌లూ నేరుగా పైకెళ్లేవి. ఇప్పుడు మొదటి టీమ్ ఒక్కటే నేరుగా వెళ్తుంది, రెండు నుంచి ఐదో స్థానం దాకా ఉన్నవాళ్లు మిగిలిన ఒక్క సీటు కోసం ప్లేఆఫ్స్ ఆడాలి. ఆ ఏడాది నాలుగో స్థానంలో ఉన్న వెస్త్రి, ఫైనల్లో రెండో స్థానంలోని ఆఫ్టురెల్డింగ్‌ని ఓడించి పైకెళ్లింది. పాత రూల్ ఉండుంటే వెస్త్రికి ఆ ఛాన్సే లేదు.

ఈ వెస్త్రి ఎక్కడిదో తెలుసా? వాయవ్య మూలన, కొండల మధ్య ఉన్న ఈసాఫ్యోర్దుర్ ఊరిది. అక్కడి జనం మూడు వేల లోపే. 2025 ఆగస్టులో ఈ టీమ్ వాలూర్ లాంటి పెద్ద క్లబ్‌ని 1-0తో ఓడించి దేశం కప్పు ఎత్తుకెళ్లింది. రెండు నెలలు దాటగానే లీగ్‌లో ఓడిపోయి మళ్లీ రెండో లీగ్‌కి పడిపోయింది. ఒకే ఏడాది కప్పూ, పతనమూ!

క్రూరంగా ఉంది కదా? కానీ ఒకటి ఆలోచించండి. పెద్ద క్లబ్బులు కింద పడే దారి మూసేస్తే, మూడు వేల మంది ఉన్న ఊరు పైకెక్కే దారి కూడా మూసుకుపోతుంది. తలుపు ఒకటే. కింద పడ్డ అక్రానెస్ ఆ తలుపులోంచే తిరిగొచ్చి దేశాన్ని ఏలింది. వెస్త్రి కూడా మళ్లీ అదే తలుపు తట్టాలి.

మరి మీరేమంటారు? ఐపీఎల్‌లోనూ రెలిగేషన్ ఉండాలా? కామెంట్స్‌లో చెప్పండి.