రాజు రాణి అటక దిగే వేళ

మహాలయ అమావాస్య రాగానే బెంగళూరు పాత ఇళ్లలో అటక మీది పెట్టెలు కిందికి దిగుతాయి. పాత నూలు చీర ముక్కల్లో చుట్టిన బొమ్మలు ఒక్కొక్కటే బయటికొస్తాయి. వాటన్నింటికన్నా ముందు మెట్టెక్కేవి రెండే రెండు. జానెడు పొడవుండే ఎర్రచందనం రాజు, ఎర్రచందనం రాణి. కన్నడిగులు వీటిని పట్టద గొంబెలంటారు. పెళ్లిలో పుట్టింటివాళ్లు ఆడపిల్ల చేతికిచ్చి పంపే జంట ఇది. ఏటా కొత్త పట్టుముక్క చుట్టి, రాజుకు తలపాగా, రాణికి పూసల దండ వేసి పై మెట్టు మీద నిలబెడతారు. ఆ పక్కన కలశం పెట్టాకే తక్కిన పరివారం వంతు.

దసరాకు ఇంటిని సింగారించడంలో ఇది మొదటి పని. మిగిలినదీ పెద్దగా ఏమీ ఉండదు. గుమ్మానికి మామిడాకుల తోరణం, గడపకు పసుపు కుంకుమ, వాకిట్లో బియ్యప్పిండి ముగ్గు, హాలులో ఒక మూల తెల్లగుడ్డ పరిచిన మెట్లు, వాటికి అటూ ఇటూ రెండు నూనె దీపాలు. ఇందులో కొత్తగా కొనేది చాలా తక్కువ. ఉన్నవాటినే తీసి, తుడిచి, వాటి చోట వాటిని కూర్చోబెట్టడమే అలంకరణ. తెలుగువాళ్లు కొలువు పెట్టామంటారు. బెంగళూరు కన్నడంలో మాత్రం 'బొంబె కూర్సోదు' అంటారు, అంటే బొమ్మల్ని కూర్చోబెట్టడం. ఆ క్రియలోనే ఈ పండగ నెమ్మది అంతా ఉంది.

కొలువంటే రాజసభ. విజయనగరంలో మహర్నవమి తొమ్మిది రోజులూ రాజు సింహాసనం మీద కొలువుదీరేవాడు. శ్రీకృష్ణదేవరాయల కాలంలో హంపిని చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ ఆ వైభవాన్ని వివరంగా రాసిపెట్టాడు. హంపిలో మహానవమి దిబ్బ ఇప్పటికీ నిలిచి ఉంది. ఆ సామ్రాజ్యం క్షీణించాక 1610లో శ్రీరంగపట్నం మైసూరు పాలకుడు రాజ ఒడెయరు చేతికి వచ్చింది. ఆయన అక్కడ దసరా మొదలుపెట్టాడు. టిప్పు సుల్తాన్ మరణం తర్వాత ఆ వేడుక మైసూరుకు మారింది. మైసూరు రాజప్రాసాదంలో బొమ్మల కోసం గొంబె తొట్టి అని ఒక ప్రత్యేకమైన చావడే ఉంది. రాజు సభ తీర్చే రోజుల్లోనే ప్రజలు తమ ఇంట ఒక చిన్న సభ తీర్చుకున్నారని ఆ ప్రాంతంలో చెప్పుకుంటారు. 1537లో కెంపేగౌడ కట్టిన బెంగళూరు పేటల్లో కన్నడం, తెలుగు, తమిళం పక్కపక్క దుకాణాల్లో వినిపించేవి కాబట్టి ఈ ఆచారం ఏ ఒక్క భాషదీ కాలేదు.

మెట్లు ఎప్పుడూ బేసి సంఖ్యలోనే ఉంటాయి. మూడు, అయిదు, ఏడు, స్థోమత ఉంటే తొమ్మిది. పైన రాజు రాణితో పాటు దేవతలు, వాళ్ల కింద దశావతారాలు, ఆ కింద రామాయణ భారత కథలు, తర్వాత సాధుసంతులు, అందరికన్నా కింద మనుషులు. ఆ కింది మెట్టు మీదే బొద్దుగా కూర్చున్న శెట్టి, శెట్టమ్మ ఉంటారు. వాళ్ల ముందు చిన్న మూకుళ్లలో నిజమైన బియ్యం, కందిపప్పు, పెసలు, ఉప్పు పోస్తారు. నేల మీద ఒక పళ్లెంలో మట్టి పోసి, ఆవాలో రాగులో చల్లి మొలకెత్తిస్తారు. తొమ్మిది రోజులు తిరిగేసరికి అది పచ్చిక మైదానమవుతుంది. దేశాలు దాటి చూస్తే జపానులోనూ ఇలాంటిదే ఒకటి ఉంది. మార్చి 3న ఆడపిల్లల పండగకు అక్కడివాళ్లు మెట్ల మీద ఎర్రగుడ్డ పరిచి బొమ్మలు పేరుస్తారు. అక్కడా పై మెట్టు చక్రవర్తి దంపతులదే.

బెంగళూరులో ఈ అలంకరణకు ఒక నిండైన రూపం వచ్చింది మాత్రం ఒక విపత్తు తర్వాత. 1898లో నగరాన్ని ప్లేగు ముట్టడించింది. చిక్కపేట, బళేపేట, అక్కిపేట, తరగుపేటల్లో ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉండేవి. గాలీ వెలుతురూ అంతంతమాత్రం. వేలమంది పోయారు, బతికినవాళ్లలో ఎందరో ఊరు విడిచారు. ఆ దెబ్బతో నగరం బయటికి విస్తరించక తప్పలేదు. ఉత్తరాన మల్లేశ్వరం, దక్షిణాన బసవనగుడి పెరిగాయి. తిన్నని వీధులు, వాటిని కోసే అడ్డవీధులు, ఇంటికీ ఇంటికీ మధ్య కాస్త జాగా. ఈ ఇళ్లకు ముందు అరుగు, పైన మంగళూరు పెంకు, పెరట్లో కొబ్బరిచెట్టు, వీలైతే ఒక మామిడి, ఒక సంపెంగ. లోపల పెద్ద హాలు, నేలంతా ఎర్ర గచ్చు.

ఆ ఎర్ర గచ్చు లేకపోతే బెంగళూరు కొలువు అందం సగమే. రెడ్ ఆక్సైడు కలిపి నున్నగా మెత్తిన నేల ఏళ్ల తరబడి కాళ్ల కింద అరిగి, కొబ్బరినూనె గుడ్డతో తుడిచిన కొద్దీ అద్దంలా తేలుతుంది. దాని మీద బియ్యప్పిండితో నాలుగు గీతల ముగ్గు వేస్తే చాలు, ఇంక వేరే రంగు అక్కర్లేదు. ఎరుపు మీద తెలుపు, గడపన పసుపు, పైన మామిడాకుల పచ్చన. ఈ నాలుగు రంగుల్లో ఏదీ పండగకోసం తెచ్చిపెట్టుకున్నది కాదు. వంటింట్లోదో, పెరట్లోదో, కాళ్ల కింది నేలదో. సాయంత్రం దీపం పెడితే ఆ వెలుగు నేల మీద పరుచుకుని కింది మెట్టు బొమ్మల ముఖాల మీదికి ఎక్కుతుంది. 1905 ఆగస్టు 5న శివనసముద్రం విద్యుత్తుతో బెంగళూరు వీధిదీపాలు వెలిగాయి. అప్పట్లో అదొక పెద్ద వింత. తర్వాత ఇళ్లలోకీ బల్బులు వచ్చాయి. అయినా కొలువు దగ్గర మాత్రం నూనె దీపం దిగిపోలేదు. మైసూరు ప్రాసాదం ఇప్పుడు దసరాకు లక్షకు దగ్గరగా బల్బులతో వెలిగిపోతుంది. చూసి తీరవలసిన వెలుగది. అయితే మల్లేశ్వరం హాలులో రెండు వత్తుల మధ్య కూర్చున్న శెట్టమ్మ ముఖం చూడాలంటే అంత వెలుగు పనికిరాదు.

సాయంత్రాలు పేరంటాలవి. పట్టు పరికిణీల ఆడపిల్లలు గుంపుగా బయల్దేరి గుమ్మం గుమ్మం దగ్గరా 'బొంబె కూర్సిద్దీరా' అని అడిగేవారు. బొమ్మలు పెట్టిన ఇల్లయితే లోపలికి పిలుపు, పెద్దవాళ్లకు పసుపు కుంకుమ తాంబూలం, పిల్లలకు బొంబె బాగిన, అంటే చేతినిండా చిరుతిండి. శనగల గుగ్గిళ్లు ఒక ఇంట, కొబ్బరి మిఠాయి ఒక ఇంట, చక్కిలాలు ఒక ఇంట. ఊరికే మాత్రం ఇచ్చేవారు కాదు, పాట పాడాలి. కన్నడ ఇంట్లోనైనా తమిళ ఇంట్లోనైనా ఆ పాట చాలాసార్లు త్యాగరాజస్వామి తెలుగు కీర్తనే అయ్యేది. అర్థం తెలియకపోయినా రాగం తప్పకుండా పాడిన పిల్లలు ఆ వీధుల్లో ఎందరో.

ఏటా కనీసం ఒక కొత్త బొమ్మ చేరాలన్నది నియమం. ఆ ఒక్కదాని కోసమే గాంధీ బజారుకో, మల్లేశ్వరం ఎనిమిదో క్రాసుకో వెళ్లేవారు. అరవై కిలోమీటర్ల దూరంలోని చన్నపట్న నుంచి లక్క బొమ్మలు వచ్చేవి. గిర్రున తిరిగే కొయ్యకు లక్కకర్ర ఒత్తితే ఆ రాపిడి వేడికే లక్క కరిగి దానికి పట్టుకుంటుంది. పైన మొగలి ఆకుతో రుద్దితే మెరుపు తేలుతుంది. అనకాపల్లి దగ్గరి ఏటికొప్పాకలో అంకుడు కర్రకు చేసే పనీ ఇదే, అందుకే ఈ రెండు ఊళ్ల బొమ్మలూ ఒకే తల్లి పిల్లల్లా ఉంటాయి. కొండపల్లి నుంచి తెల్లపొణికి కర్ర బొమ్మలు తెప్పించుకున్న తెలుగు ఇళ్లలో అంబారీ ఏనుగు తప్పకుండా ఉండేది. దాని కాళ్లూ తొండమూ విడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఏటికి ఒకటి చొప్పున చేరినవే కాబట్టి ముప్ఫై ఏళ్ల కొలువులో ముప్ఫై ఏళ్ల సంసారం కనిపిస్తుంది. చెవి విరిగిన కుందేలునూ, రంగు పోయిన కృష్ణుణ్నీ పారెయ్యరు, విరిగిన వైపు గోడకు తిప్పి కూర్చోబెడతారు. ఈ అలంకరణ కంటికి ప్రశాంతంగా ఉండడానికి అసలు కారణం ఇదే. ఇందులో ఏదీ చూసేవాళ్లను మెప్పించాలని ఆ సంవత్సరం కొనుక్కొచ్చింది కాదు.

1990ల తర్వాత కథ ఒక దారిన నడవదు. ఎర్ర గచ్చు హాళ్లు పడగొట్టి అపార్టుమెంట్లు కట్టారు, అటకలు పోయాయి. ఐటీ ఉద్యోగాలతో ఆంధ్ర, తెలంగాణల నుంచి కొత్తవాళ్లు మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీల్లో స్థిరపడ్డారు. 2011 జనాభా లెక్కల ప్రకారం బెంగళూరు నగర జిల్లాలో దాదాపు ఏడుగురిలో ఒకరి మాతృభాష తెలుగు. కోస్తా వాళ్లకు బొమ్మల కొలువంటే ఎక్కువగా సంక్రాంతిది. అందువల్ల ఒకే అపార్టుమెంటులో ఒక తలుపు వెనక అక్టోబరులో, మరో తలుపు వెనక జనవరిలో బొమ్మలు దిగుతున్నాయి. చంద్రయానం, క్రికెట్ స్టేడియం, మెట్రో రైలు కొలువుకెక్కాయి. ప్లాస్టిక్ మామిడాకులు, నేలకు అంటించే ముగ్గు స్టిక్కర్లు, రంగులు మార్చే సీరియల్ బల్బులు కృష్ణరాజేంద్ర మార్కెట్ చుట్టూ కుప్పలుగా అమ్ముతారు. వాటిని కొనేవాళ్లను తప్పుపట్టలేం. పన్నెండో అంతస్తులో మామిడి కొమ్మ ఎక్కడ దొరుకుతుంది? కానీ ఏటా అదే పచ్చదనంతో వేలాడే తోరణం పండగ వచ్చిందనీ చెప్పదు, వెళ్లిందనీ చెప్పదు. వడలిన మామిడాకు ఆ రెండూ చెబుతుంది.

ఎర్రచందనం జంట సంగతి మరీ కష్టమైంది. శేషాచలం కొండల్లో పెరిగే ఆ చెట్టును నరకడం మీద కఠినమైన ఆంక్షలున్నాయి. కొత్త పెళ్లికూతుళ్లకు ఇప్పుడు ఎక్కువగా మామూలు కొయ్యకు రంగు వేసిన రాజూ రాణీ దొరుకుతున్నారు. అమ్మమ్మ జంటను మనవరాలికి ఇవ్వడం కొన్ని ఇళ్లలో మొదలైంది. మరోపక్క తక్కువ సరుకుతో ఇల్లు సర్దుకోవడాన్ని ఇష్టపడే యువ దంపతులు కొందరు పాత పద్ధతికే తిరిగొస్తున్నారు. పుస్తకాల అరలో మూడు వరసలు ఖాళీ చేసి తెల్ల నూలుగుడ్డ పరచడం, కింద ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి నాలుగు చామంతులు వదలడం, పాటరీ టౌన్ కుమ్మరుల దగ్గర రెండు మట్టి ప్రమిదలు తెచ్చుకోవడం. మెట్లు కట్టే చోటు లేని ఇంట్లో ఇంతకన్నా నిండుగా కొలువు తీర్చడం కష్టం.

సరస్వతీ పూజ నాడు మెట్ల పక్కన పుస్తకాలు చేరుతాయి. ఆయుధ పూజ నాడు స్కూటరుకూ కారుకూ అరటి పిలకలు కడతారు, వీధి మలుపుల్లో కుంకుమ పూసిన బూడిద గుమ్మడికాయలు పగులుతాయి. విజయదశమి రాత్రి హారతి ఇచ్చాక ఇంటి పెద్దామె మెట్ల మీద ఒక బొమ్మను మెల్లగా పక్కకు వాల్చి పడుకోబెడుతుంది. కొలువు ముగిసినట్టు అదే గుర్తు. మర్నాడు కింది మెట్టు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క బొమ్మనూ తుడిచి, నూలుగుడ్డ చుట్టి పెట్టెలో సర్దుతారు. శెట్టి ముందున్న బియ్యం, పప్పు వంటింట్లోకి పోతాయి. ఎర్రచందనం రాజూ రాణీ అందరికన్నా ఆఖరున, ఒకే గుడ్డలో కలిపి చుట్టుకుని పెట్టెలోకి వెళతారు.