పొగమంచులో పైలట్‌కి దారి చూపేది ఏంటి? కాక్‌పిట్‌లో ఆ ఆరు మీటర్ల కథ ఇదే..

చలికాలం తెల్లవారుజామున మండవల్లి - కైకలూరు రోడ్డులో బండి నడిపినవాళ్లకి కొల్లేటి పొగమంచు గురించి చెప్పక్కర్లేదు. లైటేసినా ముందేముందో కనపడదు. బండైతే పక్కకి ఆపుకోవచ్చు. గన్నవరంలో దిగాల్సిన విమానం గాల్లో ఆగలేదు కదా!

మబ్బులో పైలట్‌ని మోసం చేసేది సొంత చెవే. బ్యాలెన్స్ చూసే లోపలి చెవికి, విమానం మెల్లగా ఒరిగితే తెలియదు. తిన్నగానే వెళ్తున్నట్టు ఉంటుంది. అందుకే ఒంటిని కాదు, మీటర్లనే నమ్మాలంటారు.

వీటిలో ముఖ్యమైంది యాటిట్యూడ్ ఇండికేటర్. పైన నీలం ఆకాశం, కింద గోధుమరంగు నేల. ముక్కు లేచిందా, రెక్క వాలిందా అన్నది ఇందులోనే తెలుస్తుంది. మిగతా ఐదు.. వేగం, ఎత్తు, ఎక్కే-దిగే వేగం, దిక్కు, మలుపు చూపిస్తాయి. కొత్త విమానాల్లో ఇవన్నీ ఒకే స్క్రీన్ మీద ఉంటాయి. ఎత్తు చెప్పే ఆల్టీమీటర్ నిజానికి కొలిచేది గాలి పీడనాన్ని. ఒక్క హెక్టోపాస్కల్ తప్పుగా సెట్ చేస్తే దాదాపు 30 అడుగుల తేడా!

మరి మీటరే తప్పు చూపిస్తే? 1978 జనవరి 1 రాత్రి అదే జరిగింది. ముంబై నుంచి దుబాయ్ బయల్దేరిన ఎయిరిండియా బోయింగ్ 747 'ఎంపరర్ అశోక'లో కెప్టెన్ వైపు యాటిట్యూడ్ ఇండికేటర్ పాడైంది. విమానం తిన్నగా ఉన్నా కుడికి ఒరిగినట్టు చూపించింది. కింద సముద్రమంతా చీకటి. కెప్టెన్ ఎడమకి తిప్పుతూనే పోయారు. ఫ్లైట్ ఇంజినీర్ గుర్తించి చెప్పేసరికే ఆలస్యమైంది. 213 మంది చనిపోయారు.

అందుకే ట్రైనింగ్‌లో ఒకే మీటరు మీద చూపు నిలపనివ్వరు. ఒకటి చెప్పింది ఇంకోదాంతో సరిచూసుకోవాల్సిందే. మీటర్లన్నీ బాగున్నా, మామూలు ఐఎల్ఎస్ ల్యాండింగ్‌లో 200 అడుగుల ఎత్తుకొచ్చేసరికి రన్‌వే లైట్లు కనపడకపోతే మళ్లీ పైకి లేవాల్సిందే. పొగమంచు రోజుల్లో విమానాలు ఎయిర్‌పోర్టు చుట్టూ చక్కర్లు కొట్టేది ఇందుకే.